పీహెచ్ 12 నీళ్లకు సల్ఫ్యూరిక్ యాసిడా, కార్బన్ డయాక్సైడా?

షిఫ్ట్ ఆపరేటర్: మా ఈటీపీకి, అంటే ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటుకు, వచ్చే నీళ్లు పీహెచ్ 12 దాకా ఉంటాయి. ఎక్కువగా కాస్టిక్ సోడాయే. సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి దించుతున్నాం. మొన్న రాత్రి డోసింగ్ పంపు ఆగకుండా నడిచి పీహెచ్ 3కి పడిపోయింది. మళ్లీ కాస్టిక్ పోయాల్సి వచ్చింది. కార్బన్ డయాక్సైడ్‌కు మారితే ఈ టెన్షన్ తప్పుతుందా?

గ్యాస్ పక్షం: తప్పుతుందండీ. పీహెచ్ 12 నుంచి 11కి దిగేసరికే 90 శాతం కాస్టిక్ ఖర్చయిపోతుంది. 9 దగ్గర మిగిలేది వెయ్యో వంతు. అక్కడ యాసిడ్ కాస్త ఎక్కువైనా పీహెచ్ ఢమాల్న పడుతుంది. గ్యాస్ ఎక్కిస్తే కాస్టిక్ ముందు కార్బనేటు, తర్వాత బైకార్బనేటు అవుతుంది. ఆ బైకార్బనేటే పీహెచ్‌ని పట్టి ఉంచుతుంది. ఎంత ఎక్కించినా 6కు అటూ ఇటూగా ఆగుతుంది.

యాసిడ్ పక్షం: నేను ఒప్పుకోను. అలా 7కి దించిన నీళ్లను ఏరేషన్ ట్యాంకులోకి వదిలి చూడండి. కరిగిన గ్యాస్ ఎగిరిపోయి పీహెచ్ మళ్లీ 9 వైపు ఎక్కుతుంది. సున్నం ఉన్న నీళ్లయితే గ్యాస్ వచ్చే రంధ్రాలు కార్బనేటుతో పూడుకుపోతాయి. ఆపరేటర్ గారూ, తప్పు యాసిడ్‌ది కాదు. ఒకే ట్యాంకులో, ఒకే పెద్ద పంపుతో 12 నుంచి 7కి దించాలనుకోవడమే తప్పు. మొదటి ట్యాంకులో 10 దాకా దించండి, రెండోదాంట్లో చిన్న పంపుతో మెల్లగా.

గ్యాస్ పక్షం: రెండు ట్యాంకుల మాట నిజమే. మరి యాసిడ్‌తో నీళ్లలో చేరే సల్ఫేట్ సంగతేంటి? గాలి అందని మురుగు పైపుల్లో బ్యాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుగా మారుస్తుంది, చివరికి కాంక్రీటు తినేస్తుంది. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం, కూడా పెరుగుతుంది.

ల్యాబ్ నుంచి: టీడీఎస్ లెక్క చూద్దాం. పీహెచ్ 12 దగ్గర క్యూబిక్ మీటరుకు సుమారు 400 గ్రాముల కాస్టిక్ ఉంటుంది. యాసిడ్‌తో అది 710 గ్రాముల సోడియం సల్ఫేట్ అవుతుంది, గ్యాస్‌తో 840 గ్రాముల సోడియం బైకార్బనేటు. సోడియం ఒక్క గ్రాము తగ్గదు. మీరిద్దరూ చేస్తున్నది కాస్టిక్‌ని ఉప్పుగా మార్చడమే, తీసేయడం కాదు. తీయాలంటే చిక్కటి కడుగునీళ్లను మిగతా నీళ్లతో కలవకముందే విడిగా పట్టి, నీటిని ఆవిరి చేసి చిక్కబరిచి, తిరిగి వాడుకోవాలి. మెర్సరైజింగ్ (నూలు బట్టకు కాస్టిక్‌తో మెరుపు తేవడం) చేసే బట్టల మిల్లుల్లో ఈ పద్ధతి ఉంది.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి: నీళ్లలో సల్ఫైడ్ ఉందా? పీహెచ్ 7కి వచ్చేసరికి దాంట్లో సుమారు సగం హైడ్రోజన్ సల్ఫైడ్ అయిపోతుంది. యాసిడ్‌తో దించినా, కార్బన్ డయాక్సైడ్‌తో దించినా అంతే. ప్రాణాలు పోతాయి.

షిఫ్ట్ ఆపరేటర్: మా దగ్గర సల్ఫర్ రంగులు వాడతారు సార్. మొన్న పీహెచ్ పడిపోయినప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. కాసేపటికి పోయింది కదా అని పట్టించుకోలేదు.

ల్యాబ్ నుంచి: వాసన పోతే ఆ విషవాయువు పోయిందనుకోకండి. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. సల్ఫైడ్ టెస్ట్ అయ్యేదాకా యాసిడ్ ఆపి, ఆ ట్యాంకు దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వకండి.