నిలబెట్టి ప్రింట్ చేసిన ఏజెడ్91 మెగ్నీషియం కడ్డీలు ఎందుకు త్వరగా విరుగుతున్నాయి?

హనుమకొండ విద్యార్థి:

పెద్దలకు నమస్కారం. నేను హనుమకొండలో ఎం.టెక్ చదువుతూ, లేజర్ పౌడర్ బెడ్ పద్ధతిలో (లోహపు పొడిని పొరపొరగా పరిచి లేజర్‌తో కరిగించి అతికిస్తూ) ప్రింట్ చేసిన ఏజెడ్91 మెగ్నీషియం మిశ్రమలోహంపై ప్రాజెక్టు చేస్తున్నాను. పడుకోబెట్టి ప్రింట్ చేసిన కడ్డీలనూ, నిలబెట్టి ప్రింట్ చేసిన కడ్డీలనూ టెన్సైల్ పరీక్షకు (లాగి చూసే పరీక్షకు) పెట్టగా, రెండింటి ఈల్డ్ స్ట్రెంత్ (లోహం శాశ్వతంగా రూపం మారడం మొదలయ్యే బలం) దాదాపు ఒకేలా వచ్చింది. కానీ నిలబెట్టినవి పడుకోబెట్టినవాటిలో సగమైనా సాగకుండానే, నడుమ సన్నబడే సూచన కూడా ఇవ్వకుండా విరిగిపోయాయి. అదే పౌడరుతో చేసిన చిన్న స్తంభాలను అదిమినప్పుడు మాత్రం అవి చాలాసేపు ఓర్చుకొని, చివరకు ఏటవాలుగా తెగాయి. మెగ్నీషియం స్ఫటికంలో జారుడు తలాలు (పరమాణువుల పొరలు ఒకదానిపై ఒకటి జారే తలాలు) తక్కువ కావడమే ఇందుకు కారణమని రిపోర్టులో రాయవచ్చా?

గోదావరిఖని పాత లోహ పరీక్షకుడు:

బాబూ, ఆ వాక్యం అప్పుడే రాయకండి. గది ఉష్ణోగ్రత వద్ద మెగ్నీషియంలో సులభంగా జరిగే బేసల్ జారుడు (స్ఫటికపు అడుగు తలం వెంబడి జారడం) రెండు స్వతంత్ర మార్గాలనే ఇస్తుందనీ, లోహంలోని స్ఫటిక రేణువులన్నీ కలిసికట్టుగా రూపం మారడానికి అయిదు కావాలనీ పుస్తకాలు చెప్పేది నిజమే. అయితే ఆ లోటు మీ రెండు రకాల కడ్డీల్లోనూ ఉంది. రేణువుల దిశల వల్లే తేడా వచ్చి ఉంటే అది ముందుగా ఈల్డ్ దగ్గరే బయటపడాలి. ఈల్డ్ స్ట్రెంత్‌ను కడ్డీలోని లోహమంతా కలిసి నిర్ణయిస్తుంది; ఎంత సాగుతుందన్నది మాత్రం అందులోని అతి బలహీనమైన ఒక్కచోటు నిర్ణయిస్తుంది. మొదటిది మారకుండా రెండోదే పడిపోయిందంటే, నా అనుమానం పొరల మధ్య సరిగా అతుక్కోని ఖాళీల మీద.

ఆ ఖాళీలు గుండ్రంగా ఉండవు. పొర వెంబడి బల్లపరుపుగా, అంచులు వాడిగా ఉంటాయి. నిలబెట్టిన కడ్డీని లాగినప్పుడు బలం వాటికి లంబంగా పడి, ప్రతి ఖాళీ నోరు తెరిచిన పగులవుతుంది. పడుకోబెట్టినదాంట్లో బలం వాటి వెంబడే సాగిపోతుంది. అదిమినప్పుడు అవి మూసుకుంటాయి కనుకనే మీ స్తంభాలు నిలబడ్డాయి.

మెగ్నీషియంలో ఈ బెడద ఎక్కువ కావడానికి కారణముంది. అది 650 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి, సుమారు 1,090 డిగ్రీలకే మరుగుతుంది. అల్యూమినియం 660 వద్ద కరిగినా, మరగడానికి 2,400 డిగ్రీలు దాటాలి. లేజర్ శక్తి కొంచెం తగ్గితే పొరలు అతకవు, కొంచెం పెరిగితే లోహం ఆవిరై ఆ పొగే కిరణానికి అడ్డుపడుతుంది. దానికి తోడు పౌడరు రేణువుల మీది ఆక్సైడ్ పొర ఆ వేడికి కరగదు.

కాజీపేట పరిశోధకుడు:

పై మాటలతో ఏకీభవిస్తూనే, స్ఫటికాన్ని పూర్తిగా పక్కన పెట్టవద్దని మనవి. పగులు ఖాళీ దగ్గర పుట్టినా, అది నడిచే దారి వేరే విషయం. ఏజెడ్91లో సుమారు 9 శాతం అల్యూమినియం ఉండడం వల్ల, కరిగిన లోహం వేగంగా గడ్డకట్టేటప్పుడు స్ఫటిక రేణువుల సరిహద్దుల్లో మెగ్నీషియం-అల్యూమినియం సమ్మేళనం వలలా పేరుకుంటుంది. ఆ పెళుసు వల తెగుతూ పోతే పగులుకు అడ్డే ఉండదు.

ఎక్స్‌ట్రూజన్ చేసిన (అచ్చు రంధ్రం గుండా నెట్టి తీసిన) మెగ్నీషియం కడ్డీని పొడవునా అదిమితే స్ఫటికంలో కొంత భాగం 86 డిగ్రీలు తిరిగి, మిగతా భాగానికి అద్దంలో ప్రతిబింబంలా మారుతుంది; దీన్నే ట్విన్నింగ్ అంటారు. అందుకే అది లాగినప్పటి కంటే అదిమినప్పుడు తక్కువ బలానికే లొంగుతుంది, దాని గ్రాఫు ఇంగ్లిషు ఎస్ అక్షరంలా వంపు తిరుగుతుంది. లేజర్ ప్రింటులో స్ఫటిక రేణువులు చాలా సన్నగా ఉంటాయి కనుక ట్విన్నింగ్‌కు అవకాశం తక్కువ. మీ కంప్రెషన్ (అదిమిన పరీక్ష) గ్రాఫులో ఆ వంపు ఉందో లేదో చూడండి. లేకపోతే గోదావరిఖని సార్ వాదనకు మరింత బలం చేకూరుతుంది.

హనుమకొండ విద్యార్థి:

ఇద్దరికీ ధన్యవాదాలు. గ్రాఫులో వంపు లేదు. ఈ రోజు విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడగా, నున్నటి గుంటల్లో కరగని పౌడరు రేణువులు గుండ్రంగా అలాగే కూర్చుని ఉన్నాయి. వాటి చుట్టూ లోహం గరుకుగా చీలింది. హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే ఇది సరిపోతుందా?

గోదావరిఖని పాత లోహ పరీక్షకుడు:

నున్నటి గుంట అంటే అక్కడ లోహం తెగలేదు, అసలు అతకనే లేదు. సుమారు 413 డిగ్రీల వద్ద గంటల తరబడి ఉంచితే పరిశోధకుడు గారు చెప్పిన వల చుట్టూ ఉన్న గట్టి లోహంలోనే కలిసిపోయి, బలం కొంత తగ్గినా సాగే గుణం పెరుగుతుంది. ఖాళీలు మాత్రం పోవు. లోపల చిక్కుకున్న వాయువు వేడికి వ్యాకోచించి కొన్ని పెద్దవి కూడా కావచ్చు. అధిక పీడనంతో వేడి చేసే హిప్ పద్ధతి లోపలి ఖాళీలను నొక్కివేస్తుంది గానీ, ఉపరితలానికి తెరుచుకున్నవాటిని మూయలేదు. కనుక ముందు లేజర్ వేగం, గీతల మధ్య దూరం సరిచేసి మళ్ళీ ప్రింట్ చేయించండి.

మరో సంగతి: ఈ వానాకాలపు తేమకు మెగ్నీషియం ముఖం త్వరగా నల్లబడుతుంది. విరిగిన ముక్కలను ఒకదానికొకటి ఆనించి చూడకుండా, వేలితో తాకకుండా, సిలికా జెల్ వేసిన డబ్బాలో భద్రపరచండి. పాలిష్ చివరి దశలో నీళ్ళకు బదులు ఆల్కహాల్ వాడండి, రాలిన సన్నని పొడిని మంటకు దూరంగా ఉంచండి. అది అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుకే కప్పాలి.