12వ తరగతిల 43 శాతం: ఫార్మసీ మీద ఆశ పెట్టుకోవచ్చా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
అందరికి దండాలు. మా అక్క కొడుకు ఈ ఏడు 12వది పాసైండు. ఫిజిక్స్ 35, కెమిస్ట్రీ 36, బయాలజీ 58. మూడు కలిపి 300కు 129. మహారాష్ట్ర ఎంట్రన్స్ పరీక్ష ఎంహెచ్‌టీ-సీఈటీల 19 పర్సెంటైల్. బీఫార్మసీనే చదువుతా అని మొండిపట్టు. ఓపెన్‌ల 45 శాతం ఉండాలె, మహారాష్ట్ర రిజర్వేషన్ ఉంటే 40 చాలు. మాకు కులం కాయిదం ఉన్నది గాని, అది నిజమేనని కమిటీ ఇచ్చే వ్యాలిడిటీ కాయిదం రాలే. 1967 అక్టోబర్ 13 కన్న ముందునుంచే మేం ఇక్కడోళ్లమని రుజువు కావాలంటరు. పోరని తాత బడి మొకం చూసినోడు కాదు, ఆ కాయిదం ఎక్కడ తేవాలె? ఒక ఏజెంటు మాత్రం మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తా, మార్కుల సంగతి నేను చూసుకుంట అంటుండు. ఏం చేద్దాం?

మెడికల్ మామ (ధర్మాబాద్):
బీఫార్మసీ ఎందుకమ్మా, నాలుగేళ్లు దండుగ. డీఫార్మసీల ఎయ్యి. రెండేళ్లు, ఆ తర్వాత 500 గంటల ట్రైనింగ్. 12వది సైన్సుతోని పాసైతే చాలు, సీఈటీ లొల్లి లేదు. చేతికి సర్టిఫికెట్ వస్తది, బతుకుతడు.

బల్లార్షా బండి:
ఆరు మార్కులే కదా తక్కువైంది! రీవాల్యుయేషన్ పెట్టండి.

కిన్వట్ అక్క:
ఏజెంటు మాట వినకు చెల్లె. మేనేజ్‌మెంట్ సీటుకు కూడ 45 రూలు పోదు. అడ్మిషన్ అయినంక ఫైలు ముంబైల అడ్మిషన్లను తనిఖీ చేసే రెగ్యులేటింగ్ అథారిటీ దగ్గరికి పోతది, అక్కడ కొట్టేస్తే కట్టిన పైసలకు ఎవడూ పూచీ ఉండడు. ఇగ సీఈటీ 19 అని భయపడకు. సున్న రాకుంటే అర్హత ఉన్నట్టే, మంచి కాలేజీ దొరకదు అంతే. అసలు అడ్డం 12వ తరగతి మార్కులే.

బల్లార్షా బండి:
అయితే గోదారి వంతెన దాటి తెలంగాణకు పోవాలె. అక్కడ మేనేజ్‌మెంట్ కోటా 30 శాతం ఉంటది.

కిన్వట్ అక్క:
అక్కడ కూడ ఓపెన్‌కు 45యే. మన మహారాష్ట్ర కులం కాయిదం అక్కడ చెల్లదు, మనం నాన్ లోకల్.

బల్లార్షా బండి:
సిరొంచల పొద్దున లేస్తే తెలుగే మాట్లాడుతరు, వాళ్లు నాన్ లోకలా?

కిన్వట్ అక్క:
రూలు భాష మీద ఉండదు తమ్ముడు, చదివిన ఊరి మీద ఉంటది.

బల్లార్షా బండి:
అదే అన్యాయం అంటున్న! మా అన్నను గూడ ఇట్లనే తిప్పి పంపిండ్రు. ఇటు వ్యాలిడిటీ, అటు లోకల్. మనం ఎక్కడోళ్లం మరి?

మెడికల్ మామ:
విషయం పక్కకు పోతుంది. నేను మళ్లీ చెప్తున్న, డీఫార్మసీ. అది పాసైతే బీఫార్మసీ సెకండియర్లకు డైరెక్టు ఎంట్రీ గూడ ఉంటది, పోరని ముచ్చట తీరుతది. 2019ల ఫార్మసీ కౌన్సిల్ కొత్త కాలేజీలు అయిదేళ్లు వద్దన్నది, కోర్టుల అది నిలవలే, 2022ల సుప్రీంకోర్టు గూడ కాలేజీల దిక్కే నిలబడ్డది. అప్పటిసంది సందుకొక కాలేజీ. సీట్లు దొరకక కాదు, పోరగాళ్లు దొరకక వాళ్లే ఇంటికి వస్తున్నరు.

కిన్వట్ అక్క:
ఆ కాలేజీలల్ల చెప్పేటోళ్లు ఉన్నరా అన్నది గూడ చెప్పు మామా. డీఫార్మసీ పాసైనోళ్లకు ఎగ్జిట్ పరీక్ష అని 2022ల రెగ్యులేషన్ తెచ్చిండ్రు. మూడు పేపర్లు, ప్రతి పేపర్ల 50 శాతం, అదీ ఒక్క దెబ్బల రావాలె. ఇంగ్లీషుల రాయాలె. ఫిజిక్స్‌ల 35 వచ్చిన పోరడు ఊకె పాసైతడా?

మెడికల్ మామ:
ఏదో తీర్గ పాసైతడు. పాసైతే నాకు చెప్పుండ్రి, రెండో దుకాణం తెరుస్తున్న. సర్టిఫికెట్ గోడకు పెడితే నెలనెలా ఇంటికి పైసలు పంపుత. పోరడు వచ్చి నిలబడే పని గూడ లేదు.

కౌంటర్ వెనక:
అగో, వచ్చింది అసలు మాట. ఎప్పుడు అంటడా అని చూస్తున్న. పెండ్లి కాకముందు నుంచి నేను మందుల దుకాణంలనే ఉన్న. మా శేఠ్ దుకాణం గోడకు పెట్టిన ఫార్మసిస్టు సర్టిఫికెట్ మీది ఫొటో ఎవరిదో నాకు తెల్వదు, ఆ మనిషిని కండ్లతోని చూడలే. మందులు ఇచ్చేది నేను, పైసలు పోయేది ఆ ఫొటో మనిషికి. నేను ఆర్ట్స్ చదివిన, నన్ను ఏ కాలేజీ గడప తొక్కనియ్యలే. 43 శాతం వచ్చినోని కోసం ఇంతమంది బెంగపడుతున్నరు!

మెడికల్ మామ:
తమ్మీ, నువ్వు ఎవనికి జెప్తున్నవ్? జీతం ఇచ్చేటోడు లేకుంటే నువ్వు ఏడ ఉండేటోడివి?

కౌంటర్ వెనక:
ఫొటో మనిషికి ఇచ్చేది నాకు ఇయ్యి, అప్పుడు మాట్లాడుకుందాం.

కిన్వట్ అక్క:
ఇద్దరూ ఆగుండ్రి. కౌంటర్ తమ్ముడా, నీ కష్టం నిజమే. ఒకటి అడుగుత. మోకాళ్లు, వేళ్లు వాచిన ముసలమ్మకు డాక్టరు మెథోట్రెక్సేట్ రాసిండు అనుకో, వారానికి ఒక్కసారి. కవరు మీద మీరు ఏం రాస్తరు?

కౌంటర్ వెనక:
డాక్టరు రాసింది రాస్త.

కిన్వట్ అక్క:
డాక్టరు రాసింది గెలికినట్టు ఉంటది. వారం కనబడకుంటే చేతి అలవాటుకు 1-0-0 అని పడుతది, రోజూ పొద్దున ఒకటి అన్నట్టు. మా ఆస్పత్రికి అట్లనే ఒకామె వచ్చింది, నోరంతా పుండ్లు, తెల్ల రక్తకణాలు పడిపోయినయి. ఆమెకు తెలుగు ఒక్కటే వచ్చు, స్ట్రిప్ మీద అంతా ఇంగ్లీషు. ఆమెకు మంగళవారం అని నోటితోని చెప్పాల్సిన మనిషి ఆ రోజు గోడకు వేలాడుతుండు. నేను ఇంతసేపు మార్కుల గురించి మాట్లాడింది ఇందుకే. పోరనికి 43 వచ్చినయా 63 వచ్చినయా కాదు, రేపు వాడు కౌంటర్ ముందట ఉంటడా, ఫొటోల ఉంటడా?

మెడికల్ మామ:
దేశం మొత్తం ఇట్లనే నడుస్తది. నా ఒక్కని దుకాణం మీద పడ్డరు. అమ్మా, నీ పోరని బతుకు కోసం చెప్పిన, ఇష్టం లేకుంటే ఇడిసిపెట్టు.

బల్లార్షా బండి:
ఇంతకు రీవాల్యుయేషన్ సంగతి ఎవరూ చెప్పలే.

ప్రాణహిత ఒడ్డు:
పెట్టినం, ఏం కలవలే. ఇంకొక మాట, మామ చెప్పిన ముచ్చటే మా బావ మనసుల గూడ ఉన్నదని నాకు ఇప్పుడు సమజైంది. నెల పైసలు అంటే ఆయనకు ఆశ. పోరడేమో పక్కనే కూసోని ఇదంతా చదువుతుండు, వాడే రాస్తడట.

ప్రాణహిత ఒడ్డు:
నమస్తే, నేను ఆ పిల్లగాన్నే. బయాలజీల 58 వచ్చిన సంగతి ఎవరూ చూస్తలేరు. శ్రేణీ సుధార్‌ల (పాసైనోళ్లు మార్కులు పెంచుకునేందుకు రాసే పరీక్ష) మళ్లీ రాస్త, సీఈటీ గూడ రాస్త. అక్కా, ఫిజిక్స్‌కు సిరొంచల ట్యూషన్ లేదు, గడ్చిరోలి 200 కిలోమీటర్ల దాకా ఉంటది. మరాఠీ మీడియం పిల్లలకు పనికొచ్చే నోట్సు ఏమన్న ఉన్నయా?

కిన్వట్ అక్క:
ఉన్నయి. మా చిన్న తమ్మునియి. పోస్టుల పంపుత, అడ్రసు ఇక్కడ పెట్టకు, నాకు విడిగా పంపు.

కౌంటర్ వెనక:
ఆర్ట్స్ వాళ్లకు గూడ ఏమన్న తొవ్వ ఉన్నదా అక్కా?

కిన్వట్ అక్క:
12వది సైన్సుతోని మళ్లీ రాయాలె తమ్ముడు. వేరే తొవ్వ లేదు.