అప్‌డేట్: డాబా గార్డెన్స్ అబ్జర్వేటరీ ఎవరిదో తెలిసింది

విశాఖ డాబా గార్డెన్స్‌లో ఒకప్పుడు టెలిస్కోపుతో ఆకాశాన్ని గమనించే అబ్జర్వేటరీ ఉండేదట, నిజమేనా అని అడిగాను కదా. నిజమే. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. తర్వాత చదివింది కూడా చెబుతాను.

దాన్ని 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో పెట్టింది జమీందారు గోడే వెంకట జగ్గారావు గారు. అంతకుముందు మద్రాసు వెళ్లి, అక్కడి అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర ఖగోళం నేర్చుకున్నారు. ఆయన 1856లో పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ పని అందుకున్నారు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని చూసి వివరాలు రికార్డు చేశారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా చేర్చుకుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం డాల్ఫిన్స్ నోస్ కొండమీది జెండా సంగతి. తెలిసిన నక్షత్రం సరిగ్గా నడినెత్తి గీతను (ఉత్తరం నుంచి దక్షిణానికి తల మీదుగా పోయే ఊహారేఖను) దాటే క్షణాన్ని పట్టుకుని గడియారం సరిచేసేవారు. ఆ టైమును జెండాతో ఓడలకు తెలిపేవారు. ఓడ తూర్పు పడమరల్లో ఎక్కడుందో, అంటే దాని రేఖాంశం, గడియారం టైముతోనే లెక్కగట్టేవారు. ఓడ గడియారం 4 నిమిషాలు తప్పితే రేఖాంశం ఒక డిగ్రీ తప్పుతుంది. అంటే మన తీరంలో వంద కిలోమీటర్లకు పైమాటే! ఆకాశం మీద ఇష్టంతో ఓ కుటుంబం పెట్టిన డబ్బు నావికుల ప్రాణాలకూ అక్కరకొచ్చిందన్నమాట.

డాబా గార్డెన్స్‌లో ఈ మామా అల్లుళ్ల పేరుతో ఓ బోర్డయినా పెట్టాలి. కార్పొరేషన్‌కు అర్జీ రాస్తున్నాను, సంతకం చేసేవాళ్లు చెప్పండి.