మూడు మగ్గాల చీరల వ్యాపారానికి సొంత వెబ్‌సైట్ కావాలా, వాట్సాప్ సరిపోతుందా?

మగ్గం_ఇల్లు:
మాది మంగళగిరి. నాన్నగారివి రెండు గుంట మగ్గాలు, బాబాయిది ఒకటి. జరీ అంచు నూలు చీరలు నేస్తారు. మూడింటి మీదా కలిపి నెలకు పాతిక చీరలు దిగితే గొప్ప. ఇదివరకు మాస్టర్ వీవర్‌కే, అంటే నేతగాళ్ల చేత చీరలు నేయించుకుని అమ్ముకునే వ్యాపారికే, ఇచ్చేవాళ్లం. రెండేళ్లుగా నేను వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి నేరుగా అమ్ముతున్నాను. మూడు వందల మంది దాకా ఉన్నారు. ఇప్పుడు సొంత సైటు పెట్టాల్సిందేనని చెల్లి పట్టుబట్టింది. అడిగితే ఒకాయన సైటులోనే చీర ఎంచుకుని కొనుక్కునే కార్ట్, ఆన్‌లైన్ చెల్లింపులు అన్నీ కలిపి 60,000 రూపాయలు చెప్పారు. ఆ డబ్బు నూలు మీద పెడితే మగ్గం ఆగకుండా ఆడుతుందని నాన్నగారు అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. అమ్మకం అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పచ్చళ్ల_వదిన:
మీ నాన్నగారి మాటే నా మాట. ఏడేళ్లుగా పచ్చళ్లు అమ్ముతున్నాను. అందరూ చెప్పారని సైటు కట్టించాను. రెండేళ్లలో దాని వల్ల వచ్చిన ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ వచ్చినవాళ్లు కూడా అందులో నంబరు చూసి ఫోన్ చేసినవాళ్లే. "నూనె ఏది? కారం ఎంత? ఊరి ఎన్నాళ్లయింది?" అని అడగకుండా మన దగ్గర ఎవరూ జాడీ కొనరు. చీరకైతే ఇంకా ఎక్కువ అడుగుతారు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ ఉంది, యూపీఐ ఉంది, కొరియర్ అబ్బాయి గుమ్మం దాకా వస్తున్నాడు. ఇంకేం కావాలి?

వెబ్_పని:
వదినగారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ పరాయి స్థలాలే. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు అక్కడ కొనుగోలుదారులను కూడగట్టుకున్న చిన్న వ్యాపారులకు తెల్లారేసరికి ఏమీ మిగలలేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా ఇచ్చిన చిన్న సైట్లను 2024 మార్చిలో గూగుల్ మూసేసింది. ఆ చిరునామాను విజిటింగ్ కార్డుల మీద వేయించుకున్నవాళ్లు మళ్లీ అచ్చు వేయించుకోవాల్సి వచ్చింది.

కాబట్టి సైటు ఉండాలి. అయితే 60,000 పెట్టి కార్ట్ అక్కర్లేదు. మొదట కొనాల్సింది డొమైన్, అంటే పేరు. డాట్ ఇన్ పేరుకు సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల అటూ ఇటూ అవుతుంది. మొదటి ఏడాది ధర చూసి మోసపోకండి, రెన్యువల్ ధర అడగండి. అది మీ ఈమెయిల్‌తో, మీ పేరు మీదే ఉండాలి. ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, ఒక మిఠాయి దుకాణంవాళ్లు నా దగ్గరకు వచ్చారు. సైటు కట్టినతను డొమైన్‌ను తన పేరు మీద కొన్నాడు, తర్వాత ఫోను నంబరు మార్చేశాడు. గడువు దాటింది, పేరు ఇంకెవరికో పోయింది. అప్పటికే ఐదు వేల డబ్బాల మీద ఆ చిరునామా అచ్చయి ఉంది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కో డబ్బా మీద తెల్ల కాగితం ముక్క అతికించడం నేను కళ్లారా చూశాను.

చీరలు_కొనేదాన్ని:
అమ్మేవాళ్లే మాట్లాడుకుంటున్నారు, కొనేవాళ్ల మాట కూడా వినండి. నేను బెంగళూరులో ఉంటాను. స్నేహితురాలు ఒక నంబరు పంపిస్తుంది. డబ్బు ముందే పంపాలి. అవతల ఎవరున్నారో నాకెలా తెలుస్తుంది? ఆ పేరు పెట్టి వెతుకుతాను. ఊరు, వీధి, మగ్గం మీద మనిషి, ఇంతకుముందు నేసిన చీరలు కనిపిస్తే ధైర్యంగా పంపుతాను. ఏమీ కనిపించకపోతే ఆ నంబరు అలాగే ఉండిపోతుంది.

ఇంకో మాట. ధర రాయకుండా "మెసేజ్ చేయండి" అని పెట్టకండి. అడిగాక ఎక్కువనిపిస్తే వద్దని చెప్పడానికి మొహమాటం, అందుకే చాలామంది అడగనే అడగరు. జాకెట్టు ముక్క ఉందా, మొదటి ఉతుకులో రంగు దిగుతుందా, ఇవి రాయండి. ఒకసారి చిలకపచ్చ చూసి కొంటే ముదురాకుపచ్చ వచ్చింది. నేతలో తప్పు లేదు, ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోది తప్పు.

పచ్చళ్ల_వదిన:
నమ్మకం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నా నంబరు చూసి వదిలేసినవాళ్లు ఎందరో నాకు తెలియదు కదా. కానీ నా ప్రశ్న అలాగే ఉంది: ఆ సైటును రోజూ చూసుకునేదెవరు? నా ఆవకాయ ఒక జాడీ అయిపోతే ఇంకో జాడీ తీస్తాను. వీళ్లది అలా కాదు. పడుగు ఒకటే అయినా పేక రంగు మారిస్తే చీరే మారిపోతుంది. పొద్దున ఇంటికి వచ్చి ఒకావిడ తీసుకెళ్లిన చీరను సాయంత్రం సైటులో ఇంకొకరు డబ్బు కట్టి కొంటే? డబ్బు వెనక్కి ఇచ్చినా ఆ కోపం పోదు.

లెక్కల_మనిషి:
కార్ట్ పెట్టేముందు రెండు విషయాలు. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే, అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు కావాలన్నది సాధారణ నియమం. కొన్ని హస్తకళల సరుకులకు పరిమితికి లోబడి మినహాయింపు ఉంది, మీ చీరలు అందులోకి వస్తాయో లేదో ఆడిటర్‌ను అడగండి. వాట్సాప్‌లో అమ్మినా ఇదే నియమం, సైటుతో కొత్తగా వచ్చింది కాదు. రెండోది, 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. చీర వాపసు తీసుకుంటారా లేదా అన్నది సైటు కట్టకముందే ఇంట్లో తేల్చుకోండి.

వెబ్_పని:
వదినగారి ప్రశ్నే అసలు ప్రశ్న. అందుకే కార్ట్ వద్దన్నాను. మీ కథ, చీరలు, ధరలు, వాపసు నియమం, చిరునామా ఉంటే చాలు. ప్రతి చీర కింద వాట్సాప్ బటన్ పెట్టండి. అమ్ముడైన చీరను తీసేయకండి, "అమ్ముడైంది" అని రాసి ఉంచండి. అలాంటిదే నేసిపెట్టమని అడుగుతారు.

కరపత్రం కోసం డీటీపీ చేయించిన తెలుగు మీ దగ్గర ఉంటే దాన్ని సైటుకు ఇవ్వకండి. డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టినది సైటులో అర్థం లేని అక్షరాలుగా మారుతుంది, గూగుల్‌కూ దొరకదు. ఫోన్లలో, సైట్లలో అంతటా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయండి, ఓ సాయంత్రం పని. ఫొటోలు ఫోనులోంచి తీసినవి తీసినట్టే ఎక్కిస్తే ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది, పల్లెలో సిగ్నల్ అందక పేజీ తెరుచుకోదు. చిన్నవి చేసి ఎక్కించండి.

మగ్గం_ఇల్లు:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. డబ్బాల మీద కాగితాలు అతికించిన సంగతి విని, "పేరు మాత్రం ఇవాళే కొను" అన్నారు. కొన్నాను, నా ఈమెయిల్‌తోనే. కార్ట్ మానేశాం. మిగిలిన డబ్బు నూలుకు.

ధరలు రాయడం దగ్గర మాత్రం ఇంకా తేలలేదు. రాస్తే ఊళ్లో మిగతా నేతగాళ్లూ, మాస్టర్ వీవరూ చూస్తారని ఆయన భయం. చెల్లి మాత్రం బెంగళూరు అక్క మాటే వేదమంటోంది. ఇలాంటి చోట మీలో ఎవరైనా ధర బయటపెట్టి అమ్మినవాళ్లుంటే ఏం జరిగిందో రాయండి. రేపు పొద్దున ఎండ ముదరకముందే వాకిట్లో తాడు కట్టి ఆరు చీరలకు ఫొటోలు తీస్తున్నాం.