కొబ్బరితోటలు మిలమిలమంటున్నాయి (ఎక్స్‌ప్లేన్ 11, సొంతంగా చేసుకున్న కోనసీమ సీనరీ)

స్టూడియో_అమలాపురం

అందరికీ నమస్కారమండి. నాది అమలాపురంలో ఫోటో స్టూడియో. పగలు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కంప్యూటర్ మీదే, రాత్రి షట్టర్ దించాక సెస్నా 172 ఎగరేసుకుంటాను. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650, 4 జీబీ. సిమ్ (ఫ్లైట్ సిమ్యులేటర్) ఎక్స్‌ప్లేన్ 11, వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిలో నడుస్తోంది.

సిమ్‌తో వచ్చిన నేల మన ఊళ్లలా లేదని, ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఆర్థో4ఎక్స్‌పీ అనే టూల్‌తో శాటిలైట్ ఫోటో పరిచాను, జూమ్ లెవెల్ 17. ఫోటోలు కాస్త మసకగా ఉంటే ఫోటోషాప్‌లో అన్‌షార్ప్ మాస్క్ వేసి మళ్లీ డీడీఎస్‌గా (సిమ్ వాడే బొమ్మ ఫైలు రకం) సేవ్ చేశాను. కొబ్బరిచెట్లు నేనే తీసిన ఫోటోల్లోంచి కత్తిరించి, సిమ్‌లో చెట్లు నాటే ఫారెస్ట్ ఫైలుకి పెట్టినవి. మధురపూడి ఎయిర్‌పోర్టు ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు), రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో కట్టాను.

స్క్రీన్‌షాట్ తీస్తే బ్రహ్మాండం. విమానం కదిలిందా, ఇక చూడక్కర్లేదు. రావులపాలెం దాటి వశిష్ఠ వెంట కిందికి వస్తుంటే, ముందున్న వరిచేల గట్లన్నీ తెగుతూ అతుక్కుంటూ కదులుతాయి. కొబ్బరితోటలు మరీ ఘోరం, మట్టలన్నీ ఒకటే మెరుపు. దగ్గరికి వెళ్తే ఆగిపోతుంది, బాధంతా దూరంలోనే. ఇది కాక ఏప్రన్ మీద కాంక్రీటు పెద్ద పెద్ద ముక్కలుగా మాయమై కింద గడ్డి కనపడుతుంది, మళ్లీ వస్తుంది. మా అబ్బాయి "నాన్నా, కళ్లు తిరుగుతున్నాయి" అని పక్కన కూర్చోవడమే మానేశాడు.

యాంటీ ఎలియాసింగ్ (అంచులు నున్నగా చేసే సెట్టింగ్) 4ఎక్స్ పెడితే మెరుపు కొంచెం తగ్గింది గానీ సెకనుకి వచ్చే ఫ్రేములు సగానికి పడిపోయాయి. దయచేసి కొత్త కార్డు కొనమని మాత్రం చెప్పకండి. ముహూర్తాలు మొదలై డబ్బులు చేతికొచ్చేదాకా ఇంట్లో ఆ మాట ఎత్తలేను.

తణుకు_టేకాఫ్

అన్నా, యానిసోట్రోపిక్ ఫిల్టరింగ్ ఎంతలో ఉంది? 16ఎక్స్ పెట్టు. దానికి ఫ్రేములు పెద్దగా పోవు. నాకైతే రన్‌వే గీతలు దానితోనే బాగుపడ్డాయి.

యానాం_రెక్కలు

స్టూడియో గారూ, మీరు చెప్పినవి మూడు వేరువేరు రోగాలండి. ఒకే మాత్రతో పోవు.

ముందు నేల సంగతి. మీరు స్టూడియోవారు కాబట్టి తేలిగ్గా చెప్పొచ్చు. సన్నచారల చొక్కా వేసుకున్న పెళ్లికొడుకు ఫోటోని స్క్రీన్ మీద బాగా చిన్నది చేస్తే, చొక్కా మీద లేని అలలు కనపడతాయి కదా, మోయిరే అంటాం. మీ వరిచేలలో జరిగేది అచ్చంగా అదే. ఫోటో అయితే ఒక్కసారి చిన్నదవుతుంది. ఇక్కడ విమానం కదిలే కొద్దీ ప్రతి ఫ్రేముకీ కొత్త సైజులో చిన్నదవుతుంది, అందుకే ఆ అలలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. మన అక్షాంశం దగ్గర జూమ్ 17 అంటే పిక్సెల్‌కి సుమారు 1.14 మీటర్లు. చేనుగట్టు వెడల్పు మీటరు లోపే ఉంటుంది, అంటే ఫోటోలో అది ఒక్క పిక్సెల్ గీత. దూరంలో స్క్రీన్ మీది ఒక్క చుక్కలోకి అలాంటి పిక్సెళ్లు పదులకొద్దీ వచ్చి పడతాయి. కార్డు వాటిలో ఏ ఒకటి రెండిటినో తీసుకుని రంగు వేస్తుంది. ఈ ఫ్రేములో గట్టు తగిలితే తెలుపు, తర్వాతి ఫ్రేములో చేను తగిలితే పచ్చ.

దీనికి విరుగుడు మిప్‌మ్యాప్‌లు. 4096 బొమ్మతో పాటు 2048, 1024, 512 ఇలా 1 దాకా, ముందే సరాసరి తీసి తగ్గించిన కాపీలన్నీ అదే ఫైల్లో ఉంటాయి. దూరాన్ని బట్టి కార్డు సరైన కాపీ ఎంచుకుంటుంది. పీఎన్‌జీ ఇస్తే ఎక్స్‌ప్లేన్ లోడ్ చేసేటప్పుడు తనే వీటిని తయారు చేసుకుంటుంది. డీడీఎస్ ఇస్తే మాత్రం ఫైల్లో ఉన్నవే గతి. ఆర్థో4ఎక్స్‌పీ వీటిని పెట్టే ఇస్తుంది. మధ్యలో ఫోటోషాప్‌లో మళ్లీ సేవ్ చేశానన్నారు కాబట్టి నా అనుమానం అక్కడే.

ఒక పని చేయండి. ఏదో ఒక నేల టైలు (నేల ఫోటో ముక్క) ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి సైజు చూడండి. 4096 డీఎక్స్‌టీ1 (డీడీఎస్‌లో ఒక కుదింపు రకం) ఫైలు మిప్‌మ్యాప్‌లతో అయితే 10.7 ఎంబీ దాకా ఉండాలి. 8 ఎంబీ దగ్గర ఆగిపోతే అవి లేనట్టే. చూసి చెప్పండి, మిగతా రెండూ తర్వాత మాట్లాడుకుందాం.

తణుకు తమ్ముడూ, యానిసోట్రోపిక్ అవసరమే, కాదనను. కానీ అది ఏటవాలుగా కనిపించే నేల మసకబారకుండా చూస్తుంది. మిప్‌మ్యాప్‌లే లేని ఫైలుకి దానితో ఒరిగేది తక్కువ.

స్టూడియో_అమలాపురం

8.00 ఎంబీ. అన్నీ అంతే! సేవ్ చేసే బాక్సులో నో మిప్ మ్యాప్స్ అని ఉంది, ఇప్పుడే చూశాను.

కానీ వందల ఫైళ్లున్నాయండి. ఒక్కొక్కటీ తెరిచి చేయాలా? పైగా అవి పెడితే మళ్లీ మసకైపోతుందేమోనని టెన్షన్.

నరసాపురం_నావ

నాకో సందేహం. ఫైలు 8 నుంచి 10.7 అయితే 4 జీబీ కార్డు తట్టుకుంటుందా? అసలే ఆర్థో అంటే మెమరీ మింగేస్తుంది.

యానాం_రెక్కలు

నరసాపురం గారూ, పెరిగేది మూడో వంతే. పైగా దూరపు టైళ్లకి కార్డు చిన్న కాపీలనే చదువుతుంది కాబట్టి చదివే పని తగ్గుతుంది. మెమరీ చాలకపోతే సముద్రం మీది టైళ్లు, మనం ఎగరని పక్కవి జూమ్ 16కి దించొచ్చు. కాకినాడ అవతల నీళ్లకి 17 ఎందుకు చెప్పండి.

స్టూడియో గారూ, ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు. ఆర్థో4ఎక్స్‌పీ దింపుకున్న అసలు జేపీజీలు ఆర్థోఫోటోస్ ఫోల్డర్లో ఉంటాయి. మీ డీడీఎస్‌లు వేరేచోట దాచి, టైలు మళ్లీ బిల్డ్ కొడితే ఆ జేపీజీల నుంచే కొత్తవి చేస్తుంది. షార్ప్ చేయక తప్పదంటే జేపీజీల మీదే బ్యాచ్ యాక్షన్ నడపండి, అదీ సగానికి సగం తగ్గించి. అన్‌షార్ప్ మాస్క్ గట్టుకి అటూ ఇటూ నల్లగీత, తెల్లగీత చేరుస్తుంది. ప్రింటుకి అది అందం, ఇక్కడ మెరుపుకి మేత. మసక గురించి బెంగ వద్దు, 16ఎక్స్ యానిసోట్రోపిక్ ఉండగా సెస్నా ఎత్తు నుంచి తేడా పట్టుకోలేరు.

ఇక చెట్లు. మట్ట బొమ్మలో ప్రతి పిక్సెల్ ఉంటే ఉంది, లేకపోతే లేదు, మధ్యస్థం లేదు. ఆల్ఫా టెస్ట్ అంటారు. అందుకే దూరంలో ఆ మెరుపు. దీనికీ మిప్‌మ్యాప్‌లు కావాలి, కానీ కొబ్బరాకు సన్నం కాబట్టి మిప్‌మ్యాప్‌లో సరాసరి తీసేసరికి ఆకు బలం హద్దు కిందికి పడి, దూరంలో చెట్టు మొండిమానైపోతుంది. మామిడికి ఇంత ఇబ్బంది ఉండదు. గింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో డీడీఎస్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు జనరేట్ మిప్‌మ్యాప్స్‌తో పాటు ప్రిజర్వ్ ఆల్ఫా టెస్ట్ కవరేజ్ అనేది టిక్ చేయండి. ప్రతి చిన్న కాపీలోనూ ఆకు విస్తీర్ణం తగ్గకుండా సర్దుతుంది. ఆకు బయట పారదర్శకంగా ఉన్న చోట కూడా కింద పచ్చరంగే నింపండి, తెలుపు వదిలితే అంచుల్లో అదే మెరుస్తుంది. మరోమాట. ఒకే పేరుతో పీఎన్‌జీ, డీడీఎస్ రెండూ ఉంటే సిమ్ డీడీఎస్‌నే తీసుకుంటుంది. పాతది ఫోల్డర్లో వదిలేసి పీఎన్‌జీని ఎంత మార్చినా ఉపయోగం లేదు.

ఏప్రన్‌ది టెక్స్చర్ (పైన అంటించే బొమ్మ) గొడవే కాదు. నేల, కాంక్రీటు దాదాపు ఒకే ఎత్తులో ఉండటంతో ఏది పైనుందో దూరం నుంచి కార్డుకి తేలడం లేదు, జెడ్ ఫైటింగ్. ఏప్రన్‌ని రెండు అంగుళాలు లేపుతారేమో, వద్దు. దూరం పెరిగితే మళ్లీ అదే. బ్లెండర్ మెటీరియల్‌లో డ్రేప్డ్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే నేలకే అంటుకుపోతుంది.

స్టూడియో_అమలాపురం

రెక్కలు గారూ, మీకు కాకినాడ కాజా బాకీ.

టైళ్లు రాత్రంతా బిల్డ్‌కి వదిలేశాను. పొద్దున్నే గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ వెంట వెళ్లి చూశాను, చేలు కదలకుండా పడుకున్నాయి. షార్ప్ అసలు వేయలేదు. ఏప్రన్ సెట్. తోటలు నూటికి తొంభై సెట్, యాంటీ ఎలియాసింగ్ 2ఎక్స్‌కి దించినా ఫర్వాలేదు, ఫ్రేములు తిరిగొచ్చాయి. మావాడు ల్యాండింగ్ నేనే చేస్తానని కుర్చీ లాక్కున్నాడు.

మిగిలింది ఆర్చి బ్రిడ్జి ఒక్కటే. 1997 నాటిది, 28 ఆర్చీలు, అన్నీ ఓపిగ్గా కట్టాను. దూరం నుంచి ఆర్చీలు బాగానే ఉన్నాయి గానీ, వాటి నుంచి కిందికి వేలాడే హ్యాంగర్లు మాత్రం మెరుస్తూ తెగిపోతున్నాయి. దాని డీడీఎస్‌కి మిప్‌మ్యాప్‌లు ఉన్నాయి, సైజు చూశాను.

యానాం_రెక్కలు

అది బొమ్మలోది కాదు, ఆకారంలోది. మిప్‌మ్యాప్ టెక్స్చర్‌ని సరాసరి తీస్తుంది గానీ మీరు కట్టిన కడ్డీని కాదు. హ్యాంగర్ మందం 20 సెంటీమీటర్లు పెట్టారనుకుందాం. 1920x1080 స్క్రీను, అడ్డంగా 60 డిగ్రీల వ్యూ అయితే, 330 మీటర్లు దాటేసరికి అది ఒక్క పిక్సెల్ కన్నా సన్నం. కొవ్వూరు వైపు నుంచి వస్తుంటే బ్రిడ్జి కనపడేదంతా అంతకన్నా దూరం నుంచే.

బ్రిడ్జి ఆబ్జెక్టుకి రెండు ఎల్ఓడీలు (దూరాన్ని బట్టి మారే మోడళ్లు) చేయండి. 0 నుంచి 600 మీటర్ల దాకా ఇప్పుడున్న మోడల్. 600 నుంచి 9000 దాకా ఆర్చి, డెక్ (పట్టాలుండే భాగం) మాత్రం ఉంచి, హ్యాంగర్ల బదులు ఒక్కో ఆర్చికి పలచని పలక నిలబెట్టండి, దాని మీద హ్యాంగర్ల బొమ్మ. ఆ పలకకి ఆల్ఫా టెస్ట్ వద్దు, బ్లెండ్ (సగం పారదర్శకంగా కూడా ఉండనిచ్చే పద్ధతి) ఉండనివ్వండి. అప్పుడు మిప్‌మ్యాప్ పనిచేసి దూరంలో పల్చటి బూడిదరంగు తెరలా కలిసిపోతుంది. పాలిగాన్లు కూడా చాలా తగ్గుతాయి. పక్కన రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి కూడా కట్టే ఆలోచన ఉంటే దాని గర్డర్లకీ మొదట్నుంచే ఇలా చేసుకోండి.

తణుకు_టేకాఫ్

అన్నా, సీనరీ ఫోల్డర్ జిప్ చేసి పెట్టవా? ఆర్థో టైళ్లు వద్దు, చెట్లు, బ్రిడ్జి చాలు.