బీఈఈలో కొనుగోళ్ల లెక్క: చూసేది పనినా, బిల్లునా?

జోబర్గ్‌లో గుంటూరోడు:
జోహన్నెస్‌బర్గ్‌లో ఓ కంపెనీ కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తున్నాను. దక్షిణాఫ్రికా బీఈఈ చట్టం (నల్లజాతివారి ఆర్థిక సాధికారత, 2003) ప్రకారం ఏటా మా స్కోర్‌కార్డు తయారవుతుంది. అందులో మేం ఎవరి దగ్గర కొంటున్నాం అన్నదానికే బోనస్ 2 కాకుండా 27 పాయింట్లు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: ప్రతి కంపెనీకీ ఈ చట్టం కింద ఒక లెవెల్ వస్తుంది, 1 అన్నిటికన్నా మేలు. లెవెల్ 1 సప్లయర్‌కి 100 ర్యాండ్లు ఇస్తే 135గా రాసుకోవచ్చు. లెవెల్ 4కి ఇస్తే 100కి 100. లెవెల్ 8 అయితే 10 మాత్రమే.

ఇక నా గోడు. జర్మిస్టన్‌లో ఒక వర్క్‌షాపు నుంచి పంపు సీళ్లు నేరుగా తెప్పించేవాళ్లం. నలభై మంది పనివాళ్లు, ఎక్కువమంది నల్లజాతివాళ్లే, కానీ ఓనరు తెల్లాయన. లెవెల్ 4. ఇప్పుడు మధ్యలో ఒక నల్లజాతి ఆయన ఏజెంటుగా వచ్చాడు. కంపెనీ నూరు శాతం ఆయనదే కాబట్టి లెవెల్ 1. ఒక లాప్‌టాప్, ఒక ఫోను, అంతే. సరుకు అదే, తెచ్చే బక్కీ (పికప్ వ్యాను) అదే, డ్రైవరూ అతనే. మొన్న డబ్బా మీద కొత్త స్టిక్కర్ అంచు లేచింటే గోటితో లాగాను, కింద పాత వర్క్‌షాపు స్టిక్కర్ నవ్వుతోంది.

100 ర్యాండ్ల సరుకు 115 అయింది. కానీ స్కోర్‌కార్డులో మాకు 155 పైచిలుకు పడింది. పైగా 51 శాతం నల్లజాతి యాజమాన్యం ఉన్న సప్లయర్ల గడిలో కూడా పడింది. 27లో 11 పాయింట్లు ఆ ఒక్క గడివే. మా బాస్ సంతోషం చూడాలి! ఇది సాధికారతా, స్టిక్కర్ల వ్యాపారమా?

ప్రిటోరియా శేషు:
లెక్క సరిగ్గానే చెప్పారు, కానీ కథ మధ్యలోంచి మొదలుపెట్టారు. ఆ వర్క్‌షాపు ఆయనకు ఆ స్థలం, ఆ బ్యాంకు అప్పు, మీ కంపెనీతో ఆ పాత పరిచయం ఎలా వచ్చాయి? 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద నల్లవాడు ఊరి నడిబొడ్డున షట్టరు ఎత్తే వీలే లేదు. కొనుగోళ్ల జాబితాలన్నీ ఆ రోజుల్లో కట్టిన గోడలే.

మధ్యవర్తి అంటున్నారు. మధ్యవర్తి లేని వ్యాపారం ఎక్కడుందండీ? తెల్ల ఏజెంటు ముప్పై ఏళ్లు 15 శాతం తింటే ఎవరూ స్టిక్కర్ గోకి చూడలేదు. నిజంగా బినామీ అయితే దానికి 2013 సవరణ ఉంది. పదేళ్ల దాకా జైలు, కంపెనీకి టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా.

జోబర్గ్‌లో గుంటూరోడు:
శేషు గారూ, ఆయన బినామీ కాదు. అదే కదా నా బాధ! కంపెనీ ఆయనదే, లాభం ఆయనదే, అంతా చట్టబద్ధం. పెద్ద సప్లయరైతే స్థానికంగా కొంటున్నాడా, ఉద్యోగాలు ఇస్తున్నాడా అని 'సాధికార సప్లయర్' పరీక్ష ఉంది. కానీ ఏడాదికి 10 మిలియన్ ర్యాండ్ల లోపు టర్నోవర్ ఉంటే ఆ హోదా దానంతటదే వచ్చేస్తుంది. వడపోత పెట్టారు, రంధ్రం మాత్రం సరిగ్గా ఈయన పట్టేంత ఉంది.

డర్బన్ కోడలు:
మీ చర్చలో నా తలనొప్పి కూడా వేస్తాను. మాది రాజమండ్రి. మావారిది డర్బన్ తెలుగు కుటుంబం, వాళ్ల ముత్తాత చెరుకు తోటల పనికి మద్రాసు నుంచి ఓడెక్కి వచ్చారట. ఈ చట్టంలో 'నల్లజాతి' అంటే ఆఫ్రికన్లు, కలర్డ్ (మిశ్రమ జాతివాళ్లు), ఇండియన్లు. కాబట్టి మావారు నల్లజాతి. నేను పెళ్లయి వచ్చి 2011లో పౌరసత్వం తీసుకున్నాను. బయటినుంచి వచ్చినవాళ్లలో సాధారణంగా 1994 ఏప్రిల్ 27కి ముందు తీసుకున్నవాళ్లనే లెక్కిస్తారు, అందుకని నేను కాదు. ఇక్కడే పుట్టిన మా అబ్బాయి లెక్కలోకి వస్తాడు!

మాది అట్టపెట్టెల చిన్న కంపెనీ. మెషిన్ సెట్టింగ్, ఆర్డర్లు, జీతాలు అన్నీ నావే. 51 శాతం మావారి పేరున రాశాం, లెవెల్ 2 వచ్చింది. ఆడదాన్ని, రోజంతా జిగురు వాసనలో ఉంటాను. నల్లజాతి మహిళల వాటా 30 శాతం ఉంటే వచ్చే 4 పాయింట్లు మా కస్టమర్‌కి రావు. ఇంతకీ మేం బినామీలమా?

హైదరాబాద్ రమణ:
బయటివాణ్ణి, ఒక్క మాట. మన ఊళ్లలో మహిళా రిజర్వేషన్ వచ్చిన కొత్తలో సంతకం సర్పంచ్‌ది, పెత్తనం మొగుడిది. మీ ఇంట్లో తిరగబడింది, పెత్తనం మీది, సంతకం ఆయనది :)

ప్రిటోరియా శేషు:
నవ్వులాట కాదు రమణ గారూ. అమ్మా, మీవారికి డివిడెండ్ నిజంగా చేరుతోందా, నిర్ణయాల్లో ఆయన మాట చెల్లుతోందా, అదీ చూసేది. ఆయన పేరు కాగితం మీద మాత్రమే ఉంటే ఇబ్బందే. మీ సంపాదన ఒకే ఇంట్లోకి వస్తుందన్నది సమాధానం కాదు.

డర్బన్ కోడలు:
బ్యాంకు, డెలివరీ, కొత్త మెషిన్ కొనాలా వద్దా అన్న గొడవ, అవన్నీ ఆయనే. డివిడెండ్ కూడా ఆయన ఖాతాకే. సరే, గుండె కుదుటపడింది.

జోబర్గ్‌లో గుంటూరోడు:
శేషు గారూ, చరిత్ర గురించి మీతో వాదం లేదు. కొలత గురించే. 2007 నిబంధనల్లో ఒక మంచి సంగతి ఉండేది. పన్నుకు ముందు లాభం, మొత్తం జీతాలు కలిపి ఆదాయంలో 25 శాతం దాటితే ఆ సప్లయర్‌తో ఖర్చును 1.25తో హెచ్చించేవాళ్లు. అంటే సరుకు మీద అతను నిజంగా చేసిన పనికి విలువ కట్టేవాళ్లు. అప్పట్లో మా ఏజెంటు లాంటి చిన్న సంస్థకు లెవెల్ 3, అంటే 110. లెక్కేయండి: వర్క్‌షాపు 100కి 125, ఏజెంటు 115కి 126.50. దాదాపు సమానం! 15 ర్యాండ్లు ఎక్కువ పెట్టి ఏజెంటు దగ్గరికి వెళ్లే పనే ఉండేది కాదు. 2013లో కొత్త నిబంధనలు వచ్చినప్పుడు దాన్ని తీసేశారు.

ప్రిటోరియా శేషు:
అది తిరిగి రావాలంటే నేనూ సంతకం పెడతాను. కానీ ఏజెంటు పాయింట్లు తగ్గించి కాదు. ఆయన రేపు సొంత లేత్ మెషిన్ కొనుక్కుంటే పెరిగేలా ఉండాలి. మీ కంపెనీ ఆయనకి మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చిందా? ఇస్తే ఆ ఖర్చుని 1.2తో హెచ్చించుకోవచ్చు, తెలుసుగా.

జోబర్గ్‌లో గుంటూరోడు:
ఇవ్వలేదు. నెలనెలా ఆర్డరే. రేపు బాస్‌ని అడుగుతాను.
డర్బన్ కోడలు గారూ, అట్టపెట్టెలు జోబర్గ్‌కి పంపుతారా? కొటేషన్ పెట్టండి. స్టిక్కర్ మాత్రం మీదే ఉండాలి.