వృత్తి విరమించిన వకీలుగారి దానానికి ఏ రూపం మేలు?

బ్రాడీపేట వాసి:
మా పెదనాన్నగారు గుంటూరు కోర్టుల్లో దశాబ్దాలపాటు సివిల్ దావాలు నడిపి, నిరుడు వకాల్తాలన్నీ జూనియర్లకు అప్పగించారు. ఇంటి కింది భాగాన్ని, బ్యాంకులో దాచిన కొంత సొమ్మును పేద విద్యార్థుల చదువుకూ, కోర్టు మెట్లెక్కే స్తోమత లేనివారికీ వినియోగించాలని ఆయన సంకల్పం. ట్రస్టు పెట్టాలా, సొసైటీగా నమోదు చేయాలా, వీలునామాలో రాసి ఊరుకోవాలా అన్నది మాత్రం తేలడం లేదు. ఊరందరి దస్తావేజులూ రాసిన మనిషి తన దస్తావేజు దగ్గర ఆగిపోయారు. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

పాత ఆడిటరు:
వీలునామా ఆయన తదనంతరమే అమలవుతుంది కనుక, చేతులారా చేయాలనుకునేవారికి అది సరిపోదు. సొసైటీ అంటే సర్వసభ్య సమావేశాలు, ఎన్నికలు, వాటి వెంట వర్గాలు. నా మటుకు ట్రస్టే మేలు. అయితే ఇల్లు రాసివ్వడానికి తొందరపడవద్దు. స్థిరాస్తిని రిజిస్టరు దస్తావేజు ద్వారా ధర్మానికి అంకితం చేశాక వెనక్కి తీసుకోవడం కుదరదు. పైగా మన రాష్ట్రంలో 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం గుళ్లకే కాక ప్రజా ధర్మసంస్థలకూ వర్తిస్తుంది. ఆ ఆస్తి అమ్మాలంటే అనుమతి కావాలి. ముందు నగదుతో ట్రస్టు మొదలుపెట్టి, ఇంటిని వాడుకోనిస్తే చాలు. ఇతరులు విరాళమిస్తే, రూ.2,000 దాటిన నగదుకు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి.

బెజవాడ న్యాయవాది:
ట్రస్టు సంగతి తర్వాత చూడవచ్చు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇప్పటికే ఉంది. కొరవడినది అక్కడి దాకా తీసుకువెళ్లే మనిషి. పాస్‌బుక్, మరణ ధ్రువపత్రం, ఆధార్ కార్డు ఒకే ప్లాస్టిక్ కవరులో కుక్కుకుని వచ్చే ముసలమ్మకు, ఆ మూడింటిలోనూ భర్త పేరు మూడు రకాలుగా ఉందన్న సంగతి వకీలు చెప్పేదాకా తెలియదు. కాగితాలు తేదీల వరుసలో పేర్చి, ఒక పేజీ సారాంశం రాసి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకో లోక్ అదాలత్‌కో పంపితే సగం పని అయినట్టే. ఆ చెయ్యి తిరిగిన పనితనం డబ్బుతో దొరకదు. దానికి రిజిస్ట్రేషనూ అక్కరలేదు.

పాత గుంటూరు:
మన ఊరికి ఇది కొత్త కాదు. బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో ఇక్కడే శారదానికేతనం స్థాపించి బాలికల చదువుకు దారి చూపారు. ఆయన ఇచ్చింది ధనం ఒక్కటే అయితే ఆ పని సాగేది కాదని నా అభిప్రాయం. ట్రస్టు దస్తావేజులో మాత్రం పెదనాన్నగారి తర్వాత ధర్మకర్తలను ఎవరు, ఎలా నియమిస్తారో విడమరిచి రాయించండి, బంధువుల సంఖ్య సగానికి మించనివ్వకండి. వారసులు తగవుపడితే ఆ వ్యాజ్యం మళ్లీ ఆయన జూనియర్ల దగ్గరికే వస్తుంది!

బ్రాడీపేట వాసి:
అన్నీ చదివి వినిపించాను. ఇల్లు ఇప్పుడే రాయరట. శనివారాలు కాగితాలు చూడడం మొదలుపెడతారట. పాత గుమాస్తాగారికి ట్రస్టు నుంచి జీతం ఇవ్వవచ్చా?

పాత ఆడిటరు:
నిక్షేపంగా ఇవ్వవచ్చు. ఆయనను ధర్మకర్తగా మాత్రం వేయకండి, జీతం బ్యాంకు ద్వారానే చెల్లించండి.